నగర రవాణా – ప్రజల మనోవైఖరి

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది ఐదు సంవత్సరాలు నిండిన తెలుగు పాఠశాల ఉత్సవంలో బస్సులను గురించి, కాలిబాటలను గురించి ప్రసంగం దేనికని కొందరికి తోచవచ్చు. భాషను గురించో, సాహిత్యాన్ని గురించో ముచ్చటించుకోవలసిన సభ కదా అనిపించవచ్చు. కాని చెన్నపట్నం వంటి మహానగరంలో తెలుగు మాధ్యమ పాఠశాల వీధికొకటి ఉండదు. ఇతర మాధ్యమాల బడులు ఇంటి చెంతనే ఉంటాయి. తెలుగు బడికి రావలసిన బిడ్డ రెండు మూడు పేటలు దాటి రావాలి. ఆ దారి క్షేమంగా లేకపోతే, ఆ బస్సు వేళకు రాకపోతే, తల్లి మనస్సు సహజంగానే ఇంటి దగ్గరి బడి వైపు మొగ్గుతుంది. ఆ రోజున బస్సులో ఒక ప్రయాణికుడు తగ్గడంతో పాటు తెలుగు అక్షరాలు దిద్దే చేయి కూడా ఒకటి తగ్గుతుంది. కనుక రవాణా అనే విషయం ఈ వేదికకు పరాయిది కాదు.

నేటి అవసరాన్ని తీరుస్తూ, రేపటి తరం పీల్చే గాలిని, నడిచే నేలను హరించని ప్రయాణ విధానాన్ని సుస్థిర రవాణా అంటారు. దానికి కంప్యూటర్ల, సెల్‌ఫోన్ల సహాయం జోడించి, ప్రయాణాన్ని సులభం చేసే ఏర్పాటును స్మార్ట్ రవాణా అంటున్నారు. ఈ రెండూ ఇంజనీర్ల చేతిలోని పనులుగా పైకి కనిపిస్తాయి. అయితే ఎంత గొప్ప రైలు మార్గమైనా జనం ఎక్కనిదే వృథా. ఎంత చక్కని కాలిబాటైనా జనం దానిని కాపాడుకోనిదే నిలువదు. అందుచేత ప్రజల మనోవైఖరి ఎలా ఏర్పడుతుంది, ఎలా మారుతుంది అనే ప్రశ్నే ఈ ప్రసంగానికి విషయం.

ట్రాము నుండి మెట్రో వరకు

దక్షిణ భారతదేశంలో మొట్టమొదటి ప్రయాణికుల రైలు 1856లో ఈ నగరంలోని రాయపురం స్టేషను నుండే బయలుదేరింది. విద్యుత్తుతో నడిచే ట్రాము 1895లోనే ఇక్కడి వీధులలో తిరిగింది. దేశంలో అది ప్రథమం. 1931లో బీచి స్టేషను నుండి తాంబరం వరకు ఎలక్ట్రిక్ రైళ్లు ప్రారంభమైనాయి. ఈ పాఠశాల తలుపులు తెరిచిన నాటికి ట్రాములు ఇంకా నడుస్తూనే ఉండేవి. నష్టాల కారణంగా 1953 ఏప్రిల్‌లో అవి శాశ్వతంగా నిలిచిపోయాయి. మోటారు వాహనం ఆధునికతకు గుర్తుగా, ట్రాము రోడ్డుకు అడ్డంగా తోచిన కాలమది. అటువంటి రైలు పట్టాలనే భూమి క్రిందా, భూమికి పైనా వేయడానికి ఈ నగరం నేడు వేల కోట్ల రూపాయలు వెచ్చిస్తున్నది. మెట్రో రెండవ దశకు 2024 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన వ్యయం 63,246 కోట్ల రూపాయలు. ఒక తరం పాతదని విడిచిన దానిని మరొక తరం కొత్తదని ఎంత ధర పెట్టి కొనుక్కుంటుందో దీనివల్ల గ్రహించవచ్చు.

2015 జూన్ 29న కోయంబేడు, ఆలందూరుల మధ్య తొలి మెట్రో రైలు నడిచింది. చార్జీలు అధికమన్న విమర్శ ఆనాడే వినవచ్చింది. 2021 ఫిబ్రవరిలో గరిష్ఠ చార్జీని 70 రూపాయల నుండి 50 రూపాయలకు తగ్గించారు. అదే నెలలో మార్గం ఉత్తర చెన్నైకి, తండయారుపేట మీదుగా విమ్కో నగర్ వరకు సాగింది. తెలుగు కుటుంబంలో జన్మించిన పిట్టి త్యాగరాయ శెట్టి పేరు గల కళాశాల వద్ద కూడా ఆ మార్గంలో ఒక స్టేషను ఉన్నది. 2024లో మెట్రోలో ప్రయాణించిన వారి సంఖ్య 10 కోట్లు దాటింది.

ఈ వృద్ధి సంతోషకరమే. అయినా లెక్క చూస్తే అది రోజుకు సుమారు మూడు లక్షల ప్రయాణాలు. నగరంలోని మూడు వేల పైచిలుకు బస్సులు రోజుకు ముప్పది లక్షలకు మించి ప్రయాణికులను మోస్తున్నాయి. సన్మానమంతా మెట్రోకు, భారమంతా బస్సుకు దక్కింది. పత్రికలలో ఫోటోలు, ప్రారంభోత్సవాలలో పూలదండలు మెట్రోకు. ఎండలో నిలబడి ఎదురుచూచే వారి విసుగు బస్సుకు. ప్రజల మనోవైఖరిని అధ్యయనం చేసేవారు మొదట గమనించవలసిన అంశం ఇది.

గౌరవం, భయం, నమ్మకం

ప్రయాణ సాధనాన్ని ఎంచుకునే వేళ మనిషి మనస్సులో మూడు భావాలు పనిచేస్తాయి. మొదటిది గౌరవం. మధ్యతరగతి కుటుంబంలో సైకిలు స్థానంలో స్కూటరు, స్కూటరు స్థానంలో కారు రావడాన్ని అభివృద్ధికి మెట్లుగా భావిస్తారు. పెళ్లిలో అల్లుడికి మోటారు సైకిలు పెట్టడం గొప్ప. బస్సు పాసు పెట్టిన మామగారు ఇంతవరకు ఎక్కడా కనిపించలేదు. నలభై ఏళ్లు బస్సులో తిరిగి బిడ్డలను చదివించిన తండ్రి, ఆ బిడ్డ బస్సు ఎక్కవలసి వస్తే చిన్నతనంగా బాధపడతాడు. బస్సు పేదరికానికి చిహ్నమన్న ఈ భావన పోనంత వరకు ఎన్ని కొత్త బస్సులు వచ్చినా ప్రయోజనం పరిమితమే.

రెండవది భయం. బీచి స్టేషను నుండి చేపాక్ వరకు 1995లో, మైలాపూరు వరకు 1997లో, వేలచ్చేరి వరకు 2007లో వంతెనల మీద నడిచే రైలు వచ్చింది. స్టేషన్లను విశాలంగా నిర్మించారు. కాని ఆ విశాలమైన కట్టడాలు చీకటిగా, నిర్మానుష్యంగా మిగిలిపోయాయి. బస్సు దిగిన చోటి నుండి స్టేషనుకు సరియైన దారి కూడా చాలాచోట్ల లేకపోయింది. రైలు వేగంగా వెళ్తుందని తెలిసి కూడా, సాయంకాలం దాటిన తరువాత ఆ మెట్లు ఎక్కడానికి మహిళలు సంకోచించారు. రైలు పట్టాలకు కోట్లు పెట్టిన వారు, ఆ పట్టాల దాకా నడిచే వంద గజాల దారికి దీపాలు పెట్టడం మరచారు. ప్రయాణం బండి ఎక్కినప్పుడు మొదలుకాదు, ఇంటి గడప దాటినప్పుడు మొదలవుతుంది. స్త్రీలు, వృద్ధులు, పిల్లలు ఈ సత్యాన్ని ఎవరూ బోధించకుండానే ఎరుగుదురు.

మూడవది నమ్మకం. బస్సు వస్తుందా, ఎప్పుడు వస్తుంది, చార్జీ చేతికందుతుందా అన్న ప్రశ్నలకు స్థిరమైన జవాబు ఉన్నచోట జనం బస్సును విడువరు. 2018 జనవరిలో తమిళనాడు ప్రభుత్వం బస్సు చార్జీలను ఒక్కసారిగా పెంచింది. నగరంలో కనీస చార్జీ 3 రూపాయల నుండి 5 రూపాయలైంది. విద్యార్థులు రోడ్డెక్కి నిరసించారు. కొద్ది రోజులకు స్వల్పంగా తగ్గించినా, అప్పటికే పలువురు షేర్ ఆటోలకు, స్కూటర్లకు మరలిపోయారు. అలా వెళ్లిన వారిని వెనుకకు రప్పించడం కష్టం, ఎందుకంటే వాయిదాల మీద కొన్న స్కూటరును ఎవరూ ఇంట్లో ఊరక ఉంచరు.

2021 మే నెలలో సాధారణ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం కల్పించినప్పుడు ఇందుకు విపర్యయం జరిగింది. ఈ పథకం వలన లబ్ధి పొందిన మహిళకు నెలకు సగటున 888 రూపాయలు మిగులుతున్నాయని రాష్ట్ర ప్రణాళికా సంఘం అధ్యయనంలో తేలింది. ఇళ్లలో పనిచేసే మహిళకు ఆ మొత్తం చిన్నది కాదు. ఆ తరువాత కర్ణాటకలో 2023 జూన్ నుండి, తెలంగాణలో 2023 డిసెంబరు నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుండి ఇటువంటి పథకాలు అమలులోకి వచ్చాయి. ఉచితమైనది విలువలేనిదని పరిహసించిన వారున్నారు. చేతిలో చిల్లర లేక ఇంట్లో ఆగిపోయిన స్త్రీ గడప దాటి వైద్యానికో, పనికో, బిడ్డ బడికో వెళ్లగలగడమే ఆ పరిహాసానికి తగిన సమాధానం.

అనుభవమే గురువు

ప్రజలు మార్పును సహించరనే మాట పాలకుల నోట తరచుగా వినిపిస్తుంది. స్వీడన్ దేశపు రాజధాని స్టాక్‌హోం అనుభవం మరొకటి చెబుతుంది. అక్కడ నగర మధ్యభాగంలోకి వచ్చే కార్లపై రుసుము విధించాలన్నప్పుడు అత్యధికులు వ్యతిరేకించారు. 2006 జనవరి నుండి జూలై వరకు ప్రయోగాత్మకంగా అమలు చేశారు. ఆ సరిహద్దు దాటే వాహనాలు దాదాపు ఐదవ వంతు తగ్గాయి. సెప్టెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిపితే, నగరవాసులలో అధికులు రుసుము కొనసాగాలనే ఓటు వేశారు. 2007 ఆగస్టు నుండి అది శాశ్వతమైంది. మనుషులు వారే, మారినదల్లా వారి అనుభవం. ముందుగా ఊహించుకున్న కష్టం పెద్దది, తరువాత కళ్లారా చూచిన సౌఖ్యం దానికంటే పెద్దదైంది.

ఇటువంటి ఉదాహరణ ఈ నగరంలోనే, త్యాగరాయ శెట్టి పేరిట వెలసిన త్యాగరాయనగరులోనే ఉన్నది. పండుగ బట్టలు కొనడానికి పాండీ బజారుకు వెళ్లని తెలుగు కుటుంబం చెన్నపట్నంలో అరుదు. ఒకనాడు ఆ బజారులో కార్లకు, మోటారు సైకిళ్లకు చోటు ఉండేది గాని బిడ్డ చేయి పట్టుకొని నడిచే తల్లికి ఉండేది కాదు. కార్ల నిలుపుదలను తగ్గించి కాలిబాటలను విశాలం చేస్తామన్నప్పుడు, వ్యాపారం దెబ్బతింటుందని కొందరు దుకాణదారులు కలవరపడ్డారు. 2018లో ప్రయోగాత్మకంగా ప్రజలకు చూపి, 2019 నవంబరులో పాదచారుల మార్గాన్ని ప్రారంభించారు. కూర్చోవడానికి బల్లలు, పిల్లలకు ఆటవస్తువులు, వృద్ధులకు తొట్రుపాటు లేని నేల అక్కడ ఏర్పడ్డాయి. సాయంకాలం ఏమీ కొనకుండా, ఊరక నడవడానికి వచ్చేవారు కూడా కనిపించారు. అయితే కాలిబాట మీదికి మళ్లీ మోటారు సైకిళ్లు ఎక్కడం, పగిలిన రాళ్లను సకాలంలో మార్చకపోవడం అక్కడా సమస్యలైనాయి. నిర్మించడం ఒక వంతు, నిలుపుకోవడం మూడు వంతులు.

ఎవరి అభిప్రాయం ప్రజాభిప్రాయం?

ఢిల్లీలో 2008లో అంబేద్కర్ నగర్ నుండి మూల్‌చంద్ వరకు దాదాపు ఆరు కిలోమీటర్ల రోడ్డు మధ్యలో బస్సులకు ప్రత్యేక మార్గం ఏర్పరిచారు. బస్సులు ముందుకు సాగిపోతుంటే కార్లు వరుసలో ఆగవలసి వచ్చింది. కార్లవారి ఆగ్రహం పత్రికలకెక్కింది, న్యాయస్థానానికీ వెళ్లింది. 2012 అక్టోబరులో హైకోర్టు ఆ అర్జీని త్రోసిపుచ్చింది. అయినను 2016లో ఆ మార్గాన్ని తొలగించారు. అహమ్మదాబాదులో 2009లో ఆరంభమైన అటువంటి ఏర్పాటు మాత్రం నిలిచి విస్తరించింది. ఢిల్లీ బస్సులలో కూర్చున్న వేలాది మంది అభిప్రాయం ఏ పత్రికకూ ఉత్తరంగా చేరలేదు. వారికి తీరిక లేదు, పలుకుబడి లేదు. వినిపించిన గొంతునే ప్రజల గొంతు అనుకోవడం పొరపాటు.

చెన్నపట్నపు వీధులను తెల్లవారకముందే ఊడ్చి శుభ్రపరిచే పారిశుద్ధ్య కార్మికులలో తెలుగు మాతృభాషగా గలవారు అనేకులు. వారి పిల్లలే అనేక తెలుగు పాఠశాలల బల్లల మీద కూర్చున్నారు. వేకువజామున మొదటి బస్సు రాకపోతే వారికి ఆ పూట కూలి దక్కదు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం, రోడ్డు ఉన్నది వాహనాలను కదల్చడానికి కాదని, మనుషులను కదల్చడానికని ప్రకటించింది. ఆ సూత్రానికి అర్థం తెలియాలంటే వేకువజామున బస్ స్టాపులో నిలబడి చూడాలి.

స్మార్ట్ అనే మాటకు అర్థం

2015లో దేశంలో స్మార్ట్ నగరాల పథకం ప్రారంభమై 2025 మార్చితో ముగిసింది. ఆ పదేళ్లలో స్మార్ట్ అనే మాట తెలుగు ఇళ్లలో కూడా వాడుకైంది. చెన్నైలో బస్సు ఎక్కడుందో ఫోనులో తెలుసుకునే సౌకర్యం 2022లో వచ్చింది. మెట్రోలో ప్రవేశపెట్టిన సింగార చెన్నై కార్డు 2025 జనవరి నుండి నగర బస్సులలోనూ చెల్లుబాటైంది. 2025 సెప్టెంబరులో బస్సుకు, మెట్రోకు, సబర్బన్ రైలుకు ఒకే టికెట్టు తీసుకునే చెన్నై వన్ అనే ఏర్పాటు ప్రారంభమైంది. 2025 జూన్ చివర వ్యాసర్‌పాడి డిపో నుండి 120 విద్యుత్ బస్సులు బయలుదేరాయి. ఇవన్నీ హర్షణీయాలే.

అయితే రెండు భ్రమలను తొలగించుకోవలసి ఉన్నది. విద్యుత్తుతో నడిచే కారు కొన్నంత మాత్రాన నగరం బాగుపడుతుందని అనుకోవడం మొదటి భ్రమ. అది పొగ విడువదు, నిజమే. కాని పెట్రోలు కారు ఆక్రమించినంత చోటును అదీ ఆక్రమిస్తుంది. అరవై మంది ఒక బస్సులో కూర్చుంటే రోడ్డులో ఒక బస్సు చోటు చాలు, అరవై మంది అరవై కార్లలో వస్తే ఏ వంతెన చాలదు. 2024 అక్టోబరులో భారీ వర్షసూచన వెలువడగానే, వేలచ్చేరి ప్రాంతం వారు ముంపు భయంతో తమ కార్లను ఫ్లై ఓవరు మీద వరుసగా నిలిపి వెళ్లారు. మనిషిని మోయవలసిన వాహనాన్ని మనిషే కాపాడుకోవలసిన స్థితి అది.

ఫోను ఉంటే చాలునన్నది రెండవ భ్రమ. ఫోను లేని ముదుసలి, అక్షరాలు గుర్తించలేని కూలి, చక్రాల కుర్చీలో తిరిగే యువకుడు కూడా ఈ నగర పౌరులే. మెట్లు లేకుండా ఎక్కగలిగే లో-ఫ్లోర్ బస్సులు 2024 ఆగస్టులో ఇక్కడ రోడ్డెక్కాయంటే, వికలాంగుల హక్కుల కోసం ఏళ్ల తరబడి న్యాయస్థానాలలో చేసిన పోరాటం దాని వెనుక ఉన్నది. క్రిక్కిరిసిన చెన్నై బస్సులో ఒక పాత ఆచారం ఉన్నది. వెనుక నిలబడిన వారు ఇచ్చిన చిల్లర పది చేతులు మారి కండక్టరును చేరుతుంది, టికెట్టు అదే పది చేతుల మీదుగా తిరిగి వస్తుంది. ఒక్క పైసా పోదు. అపరిచితుల మధ్య ఇంతటి నమ్మకాన్ని పెంచిన వాహనం బస్సు. కొత్త సాంకేతికత ఆ నమ్మకానికి తోడుగా రావాలి.

పాఠశాల ద్వారం ముందు

సభాసదులారా! పెద్ద విషయాల నుండి ఈ పాఠశాల ద్వారం ముందరికి వస్తే, ప్రతి ఉదయం బడి గంటకు ముందు పావుగంట సేపు అక్కడ కనిపించేది నగర రవాణా సమస్య యొక్క చిన్న నమూనా. స్కూటర్లు, ఆటోలు ఇరుకు వీధిలో ఒకదానినొకటి త్రోసుకుంటాయి. బిడ్డను నడిపించి పంపడానికి ఎందుకు జంకుతారని ఏ తల్లినైనా అడిగితే, వాహనాల రద్దీ అని జవాబు వస్తుంది. ఆ రద్దీలో ఆమె స్కూటరు కూడా ఒకటి. ప్రతివారూ తక్కినవారి వాహనానికి భయపడి తమ వాహనాన్ని బయటికి తీస్తున్నారు. ఎవరినీ నిందించే పని లేదు. ఒక్కరు మానితే రద్దీ తగ్గదు, అందరూ కలిసి నిర్ణయించుకుంటేనే తగ్గుతుంది.

అందరూ కలిసి చేయదగిన పనులు లేకపోలేదు. ఒకే పేట నుండి వచ్చే పిల్లలు పెద్ద తరగతి విద్యార్థుల వెంట, వంతులవారీగా ఒక తల్లి గాని తండ్రి గాని తోడు రాగా, జట్టుగా నడిచి రావచ్చు. బడి విడిచే వేళ ద్వారానికి యాభై అడుగుల దూరంలోనే వాహనాలను ఆపుకోవచ్చు. తొమ్మిదవ తరగతి విద్యార్థులు, ఎందరు నడిచి, ఎందరు బస్సులో, ఎందరు స్కూటరు మీద వస్తున్నారో లెక్కగట్టి, తమ దారిలో విరిగిన కాలిబాటలను, వెలగని దీపాలను పటంలో గుర్తిస్తే అది గణితానికీ, సాంఘిక శాస్త్రానికీ మంచి పాఠమవుతుంది. ఆ పటాన్ని జతపరిచి కార్పొరేషనుకు, రవాణా సంస్థకు వ్రాసే అర్జీకి బలం ఎక్కువ. నేడు ఉన్నత స్థానాలలో ఉన్న పూర్వ విద్యార్థులు ఆ అర్జీ వెంట నడవగలరు. పిల్లల బస్సు బడి వేళకు సరిపోయేలా రావాలని కోరడం ఎవరి దయనో యాచించడం కాదు. ప్రభుత్వం ఇచ్చిన ఉచిత విద్యార్థి పాసుకు అర్థం కల్పించమని అడగడం మాత్రమే.

విద్యార్థులకు కూడా ఒక మాట. బస్సు ఫుట్‌బోర్డు మీద వ్రేలాడటం వీరత్వం కాదు. లోపల చోటు ఉండగా వ్రేలాడేవారిని చూచి బస్సు ప్రమాదకరమని భయపడిన తల్లులు ఎందరో. ఒక్కరి దుడుకుతనం వల్ల పదిమంది బాలికలకు బస్సు ప్రయాణం నిషిద్ధమవుతుంది. వృద్ధులకు ఆసనం ఇచ్చి నిలబడే విద్యార్థిని చూచినప్పుడు ఆ బడి మీదనే గౌరవం కలుగుతుంది.

ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు తమ నడవడితో నేర్పే పాఠం పుస్తక పాఠం కంటె లోతుగా నాటుకుంటుంది. వారానికి రెండు రోజులైనా బిడ్డతో కలిసి బస్సులోనో, రైలులోనో ప్రయాణించే తండ్రి ఆ బిడ్డ మనస్సులోని చిన్నతనపు భావాన్ని మాటలు లేకుండానే తుడిచివేస్తాడు. మనోవైఖరి మారడమంటే ఇదే. అది చట్టంతో ఆరంభం కానవసరం లేదు. ఒక మంచి కాలిబాటతో, వేళకు వచ్చిన ఒక బస్సుతో, పెద్దలు పట్టుకున్న ఒక చిన్నారి చేతితో ఆరంభమవుతుంది.

డెబ్బది ఐదేళ్లుగా నగరపు నలుమూలల నుండి తెలుగు బిడ్డలను ఈ ప్రాంగణానికి చేర్చిన బస్సు డ్రైవర్లకు, కండక్టర్లకు, రైల్వే సిబ్బందికి, రిక్షా, ఆటో కార్మికులకు ఈ సభ కృతజ్ఞత తెలుపుకోవడం ధర్మం. వారి పేర్లు పాఠశాల రికార్డులలో లేవు. వారు దింపి వెళ్లిన పిల్లల పేర్లు మాత్రం హాజరు పట్టీలలో ఉన్నాయి. రాబోయే తరాల పిల్లలు కూడా నిర్భయంగా, ఆరోగ్యంగా, ఆనందంగా ఈ ద్వారం చేరుదురు గాక! ఈ విద్యాలయం శతవార్షికోత్సవం నాటికి దీని ముందరి వీధి పిల్లల నడకకు యోగ్యమైన వీధిగా పేరుపొందు గాక!

శుభం భూయాత్.